ఆ మడత తెర ఎక్కడుంది?

తెనుగుయి అన్న మాట నా చెవిన పడింది 2005 చలికాలంలో, టోక్యోలో, షింజుకు సందుల మధ్య ఒక పాత చెక్క హాల్లో. వేదిక మీద ఒక మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని కథ చెబుతున్నాడు. నా పక్కన డెబ్బై ఏళ్ళ పెద్దావిడ ఆయన చేతిలోని మడత గుడ్డను చూపించి, నా చెవి దగ్గర మెల్లగా "తెనుగుయి" అన్నారు. గభాల్న ఆవిడ వైపు తిరిగాను. కాకినాడ వదిలి ఏడాది దాటింది. తెలుగు మాట వినాలంటే ఆదివారం పూట ఫోన్ కార్డు గీకి అమ్మకి ఫోన్ చెయ్యాల్సిన రోజులవి. ఈవిడ నోట తెనుగు ఎలా వచ్చిందా అని ఒక్క క్షణం నాకు ఊపిరాడలేదు.

తె అంటే చెయ్యి, నుగుయి అంటే తుడుచుకునేది. చేతిగుడ్డ, అంతే. రెండు మూరల పొడవు, జానెడున్నర వెడల్పు ఉన్న నూలు గుడ్డ. కానీ ఆ మాట వల్లే ఆ సాయంత్రం నాకు గుర్తుండిపోయింది. అక్కడ జరుగుతున్నది రకుగో అని, అంటే ఒక్కరే కూర్చుని కథ చెప్పే జపాన్ కళ అని, ఆ హాలు సుయెహిరోతే అని, 1946లో కట్టిన కట్టడమని తర్వాత నెమ్మదిగా తెలిశాయి.

మేము నిషి-కసాయ్‌లో ఉండేవాళ్ళం. మావారి కంపెనీలో సగం మంది మనవాళ్ళే కాబట్టి ఇంటి చుట్టూ మన దేశపు ముఖాలు కనిపించేవి. కానీ కొట్లో ఉప్పేదో పంచదారేదో అడగడానికి భాష లేదు. మా పేటలో ఊరికే జపనీస్ నేర్పే పెద్దలు ఉండేవారు. అలా నాకు దొరికారు సెన్సే. జపాన్‌లో నేర్పేవాళ్ళందరినీ సెన్సే అనే పిలుస్తారు, నేను ఈనాటికీ ఆవిడని మరో పేరుతో పిలవలేదు. మూడు నెలలు వ్యాకరణం చెప్పాక ఒక రోజు పుస్తకం మూసేసి, "ఇలా ఐతే నీకు భాష రాదు. పద, మనుషులు మాట్లాడుకునే చోటికి తీసుకెళ్తాను" అన్నారు.

మనుషులు మాట్లాడుకునే చోటు అంటే అక్కడ ఒక్క మనిషే ఉన్నాడు. అతనే ఇంటాయన, అతనే అద్దెకున్నవాడు, అతనే మొగుడు, అతనే పెళ్ళాం. తల కుడికి తిప్పితే ఒకరు, ఎడమకి తిప్పితే ఇంకొకరు. చేతిలో రెండే వస్తువులు, విసనకర్ర, తెనుగుయి. మడిచిన విసనకర్ర చాప్‌స్టిక్స్ అవుతుంది, పొగతాగే గొట్టం అవుతుంది, కుంచె అవుతుంది, కత్తి అవుతుంది. గుడ్డ డబ్బుసంచీ అవుతుంది, ఉత్తరం అవుతుంది, కాల్చిన చిలగడదుంప అవుతుంది. మా చిన్నప్పుడు వినాయక చవితి పందిట్లో హరికథ చెప్పిన దాసుగారు నాకు గుర్తొచ్చారు. ఆయనా ఒక్కరే. కానీ ఆయనకి గజ్జెలున్నాయి, చిడతలున్నాయి, పందిరంతా తిరిగే కాళ్ళున్నాయి. ఇక్కడ మనిషి మెత్త మీద నుంచి లేవడు. అసలు కథకి ముందు కాసేపు పిచ్చాపాటీ చెబుతారు, దాన్ని మకురా అంటారు, అంటే తలగడ. మన పిట్టకథ లాంటిదే. అది చెబుతూ చెబుతూ పై అంగీ ఎప్పుడు జార్చేస్తారో, కథలోకి ఎప్పుడు దిగిపోతారో తెలియదు.

మొదటి రోజు నాకు అర్థమైన కథ ఒక్కటే. రాత్రిపూట వీధిలో సొబ నూడుల్స్ అమ్మేవాడి దగ్గర ఒకడు గిన్నెడు తింటాడు. ధర 16 మోన్లు. చిల్లర ఒక్కొక్కటే లెక్కపెడుతూ ఎనిమిది దాకా వచ్చి, "టైమెంతయింది?" అంటాడు. పాతకాలపు లెక్కలో అప్పుడు 'తొమ్మిది' గంటలు. "తొమ్మిది" అంటాడు అమ్మేవాడు. "పది, పదకొండు" అని వీడు ముందుకి పోతాడు. ఒక నాణెం మిగులుతుంది. చాటునుంచి చూసిన ఇంకొకడు మర్నాడు అదే ఎత్తు వెయ్యబోతాడు. కానీ తొందరపడి ముందే వస్తాడు. ఆ పాత లెక్కలో తొమ్మిదికి ముందు వచ్చేది నాలుగు. ఎనిమిది లెక్కపెట్టి టైమడిగితే "నాలుగు" అంటాడు అమ్మేవాడు. వీడు "ఐదు, ఆరు" అనుకుంటూ ఎక్కువ ఇచ్చుకుంటాడు. ఆ అంకెలు నాకు వచ్చినవే కాబట్టి హాలంతా నవ్వినప్పుడు నేను కూడా నవ్వాను. పరాయి దేశంలో పదిమందితో కలిసి ఒకే క్షణంలో నవ్వడం ఎంత ఓదార్పో, ఒంటరిగా ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

కథ అయ్యాక మనిషి లోపలికి వెళ్ళాడు. పక్కనుంచి ఒక సన్నటి కుర్రాడు వంగి నడుస్తూ వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. మెత్తని తిరగేశాడు, దుమ్ము జనం మీదకి రాకుండా నెమ్మదిగా. పేరు రాసిన కాగితం తిప్పాడు. వెళ్ళిపోయాడు. సెన్సే నా మోచెయ్యి తట్టి, "ఆ పిల్లాణ్ణి చూడు" అన్నారు. వేదిక మీది మనిషిని కాదు, మెత్త తిప్పే పిల్లాణ్ణి.

మెత్తకి మూడు వైపులా కుట్టు ఉంటుంది, ఒక వైపు ఉండదు. ఆ కుట్టులేని అంచే ఎప్పుడూ ప్రేక్షకుల వైపు ఉండాలి. వాళ్ళతో బంధానికి తెగే చోటు ఉండకూడదని. ఆ పిల్లాడు తిరగేసిన ప్రతిసారీ అంచు సరిగ్గా మావైపే వచ్చేది. నాకది కనిపించడానికి ఎన్నో నెలలు పట్టింది. సెన్సేకి మొదటి రోజే కనిపించింది.

అతను జెంజా. టోక్యోలో కథకుడి జీవితానికి మూడు మెట్లు. మొదట జెంజాగా నాలుగైదేళ్ళు. తర్వాత ఫుతత్సుమె, ఇంచుమించు పదేళ్ళు. ఆ తర్వాతే షిన్‌ఉచి, అంటే చివరి కథ చెప్పే అర్హత ఉన్నవాడు. ఒకరి దగ్గర శిష్యుడిగా చేరిన రోజున పెళ్ళయిన ఆడపిల్లకి మారినట్టు ఇంటిపేరు మారుతుంది, గురువు ఇంటిపేరే తనది. జెంజాకి పై అంగీ ఉండదు. పొద్దున్నే గురువు ఇంటి పనులు. మధ్యాహ్నం హాలు. ఏ పెద్దకి టీ ఎంత చిక్కగా కావాలో, ఎవరికి నీళ్ళు చాలో గుర్తుండాలి. విప్పిన కిమోనో మడవాలి. డప్పు కొట్టాలి. తలుపులు తీసే వేళ కొట్టే డప్పు "రండి రండి, బోలెడుగా రండి" అన్నట్టు, ఆట ముగిశాక కొట్టేది "పొండి పొండి, తలో దిక్కుకీ పొండి" అన్నట్టు వినిపించాలట. ఇవన్నీ కాక ఒక పుస్తకం ఉంటుంది. ఆ రోజు ఎవరు ఏ కథ చెప్పారో జెంజా కుంచెతో రాస్తాడు. తర్వాత వచ్చేవాళ్ళు అది చూసుకుని, అదే కథగానీ ఆ పోలికదిగానీ రాకుండా తమ కథ ఎంచుకుంటారు. అంటే అక్కడ ఎవరూ ఇంట్లో నిర్ణయించుకుని రారు.

సెన్సేకి ఆ కుర్రాడి మీద ఎందుకంత ఆసక్తి అంటే, అతని గురువుగారి కథలు ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా వింటున్నారు. గురువుగారు యనగియా ఇంటి మనిషి. గొంతు పెద్దది కాదు, ముఖం కదిపేవాడు కాదు. నాకు మొదట్లో ఆయన కథే నిద్ర తెప్పించేది. మిగతావాళ్ళు చేతులూపి గొంతులు మార్చి చెబుతుంటే, ఈయన ఊరికే మాట్లాడుతున్నట్టుండేది. భాష వచ్చేకొద్దీ తెలిసింది, ఆయన కథలో మనుషులు ఒకళ్ళనొకళ్ళు నిజంగా వినేవాళ్ళు. ఒకడు అడిగాక, రెండోవాడు జవాబు చెప్పేముందు ఆలోచించేవాడు. ఆ ఆలోచన మన కళ్ళముందు జరిగేది.

సెన్సే ఆసకుసా వైపు పుట్టిపెరిగారు. చిన్నప్పుడు కథకురాలవ్వాలని ఉండేదట. వాళ్ళ నాన్న నవ్వి, ఆడపిల్లని ఎవరు శిష్యురాలిగా తీసుకుంటారన్నారట. టోక్యోలో ఆడవాళ్ళు మొదటిసారి షిన్‌ఉచి అయింది 1993లో. అప్పటికి సెన్సేకి అరవై దగ్గరపడింది. "నాకు రాసిపెట్టింది వినడం. సరే, అదే బాగా నేర్చుకుందామనుకున్నాను" అని ఒకసారి చెప్పారు. ఆ మాటలో బాధ ఉందేమోనని ఆవిడ ముఖంలో వెతికాను. లేదు. ఉన్నా నాకు చూపించలేదు.

ఆసకుసాలో హోన్‌పోజి అనే గుడి ఉంది. ఒక ఎండాకాలం ఆవిడ నన్ను అక్కడికి తీసుకెళ్ళి ఒక రాయి చూపించారు. 1941లో, యుద్ధకాలంలో, ఈ రోజుల్లో చెప్పడానికి తగవని కథకులే 53 కథల్ని పక్కన పెట్టి, ఆ రాయి నిలబెట్టి వాటిని పాతిపెట్టినట్టు చేశారు. వేశ్యల వీధుల కథలు, దొంగచాటు ప్రేమల కథలు. 1946లో మళ్ళీ బయటికి తెచ్చారు. సెన్సేకి అప్పుడు పదకొండేళ్ళు. "ఐదేళ్ళు చెప్పకపోయినా కథలు చావలేదు. మనుషులు బతికున్నారు గనక" అన్నారు ఆ రాయి ముందు చేతులు జోడించి. బతకని వాళ్ళు ఆవిడ ఇంట్లోనూ ఉన్నారని నాకు తెలుసు. నేనేమీ అడగలేదు.

ఆవిడ చెప్పిన వాటిలో ఎనిమిదో కత్సురా బున్‌రకు సంగతి నన్ను చాలాకాలం వదల్లేదు. ఆయన చెప్పే కథలు కొన్నే. కానీ ఒక్కోదాన్ని పొల్లు లేకుండా చెక్కేవాడు. 1971 ఆగస్టు 31న జాతీయ థియేటర్ చిన్న హాల్లో కథ చెబుతూ ఒక పాత్ర పేరు మర్చిపోయాడు. ఆగి, తలవంచి, మళ్ళీ చదువుకుని వస్తానని ప్రేక్షకులతో చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. ఇక వేదిక ఎక్కలేదు. ఆ డిసెంబరులోనే పోయాడు. ఆ క్షమాపణ కూడా ఆయన ముందే అభ్యాసం చేసి పెట్టుకున్నాడంటారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మళ్ళీ చదువుకుని వస్తానన్నాడు. ఇది రాస్తుంటే కూడా నా కళ్ళు చెమ్మగిల్లుతున్నాయి.

2010లో మా కుర్రాడు ఫుతత్సుమె అయ్యాడు. 'మా కుర్రాడు' అని ఎప్పుడు అనడం మొదలుపెట్టామో తెలియదు. ఫుతత్సుమె ఐతే పై అంగీ వేసుకోవచ్చు, సొంత తెనుగుయి అచ్చు వేయించుకోవచ్చు. కానీ హాల్లో రోజూ వంతు దొరకదు, తన వేదిక తనే వెతుక్కోవాలి. మర్నాటి ఏడాది మా ఇంటికి నాలుగు స్టేషన్ల దూరంలో, ఒక సొబ కొట్టు మేడమీద అతను కథలు చెప్పాడు. జనం పాతికమంది. అయ్యాక అందరికీ సొబ పెట్టారు. అతను మా బల్ల దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని సెన్సేకి దణ్ణం పెట్టాడు. ఒక పొట్లం ఇచ్చాడు. కొత్త తెనుగుయి. నీలిరంగు మీద తెల్లగా ఒక మడత తెర బొమ్మ. తెర మీద ఏమీ లేదు, ఖాళీ.

సెన్సే దాన్ని ఒళ్ళో పరుచుకుని చాలాసేపు చూశారు. "దోకనా?" అన్నారు. అతను తలొంచాడు.

దోకన్ అన్నది కథ పేరు. యనగియా ఇంట్లో చేరిన పిల్లలకి ఎక్కువగా మొట్టమొదట నేర్పే కథ అదే. హచిగొరో అనే చదువురాని పనివాడు ఒక పెద్దాయన ఇంటికి కబుర్లకి వెళతాడు. అక్కడ బొమ్మలు అతికించిన మడత తెర ఉంటుంది, బ్యోబు అంటారు. ఒక బొమ్మలో వేట దుస్తుల్లో ఉన్న దొర, ఆయన ముందు పసుపుపచ్చ పూలకొమ్మ పట్టుకుని వంగిన పల్లెపిల్ల. ఆ దొర ఓతా దోకన్, 1457లో ఎడో కోట కట్టించినవాడు. ఎడో అంటే టోక్యో పాత పేరు. వేటలో వాన వస్తే ఒక పూరింట్లో గడ్డితో అల్లిన వానకోటు అడుగుతాడు. దాన్ని మినొ అంటారు. ఆ పిల్ల ఏమీ మాట్లాడకుండా యమబుకి పూలకొమ్మ చాస్తుంది. దొరకి అర్థం కాదు. వెంట ఉన్నవాడు ఒక పాత పద్యం గుర్తుచేస్తాడు: ఏడు పొరలుగా ఎనిమిది పొరలుగా పూస్తుంది యమబుకి, కానీ ఒక్క కాయైనా కాయదే అని విచారం. కాయని 'మి' అంటారు. 'మి నొ' అని విడదీస్తే కాయ సంగతి, కలిపితే వానకోటు. మా ఇంట్లో వానకోటు ఒక్కటైనా లేదని చెప్పుకోలేక ఆ పిల్ల పువ్వుతో చెప్పింది. కవితామార్గంలో నేను చీకట్లో ఉన్నానని దొర సిగ్గుపడి, ఆ తర్వాత గొప్ప కవి అయ్యాడట.

శ్లేష తెలిసిన తెలుగువాళ్ళకి ఇంతకంటే వివరించనక్కర్లేదు.

హచిగొరోకి ఇది తెగ నచ్చి, పద్యం కాగితం మీద రాయించుకుని ఇంటికి పోతాడు. వాన మొదలవుతుంది. ఎవరైనా వానకోటు అడగడానికి వస్తే పద్యం చదివి వినిపించాలని కాచుక్కూర్చుంటాడు. వచ్చిన స్నేహితుడు వానకోటు వేసుకునే వచ్చాడు, వాడికి కావలసింది లాంతరు. వానకోటు ఇమ్మని అడిగితేనే లాంతరిస్తానని వీడు పట్టుబడతాడు. సరేనని వాడు అడుగుతాడు. వీడు కాగితం చేతిలో పెడతాడు. వాడు తడుముకుంటూ చదివి ఇదేదో వీధిపాటా అంటాడు. "నువ్వు కవితామార్గంలో చీకట్లో ఉన్నావు!" "అవును మరి, మలుపులో చీకటిగా ఉందనే కదా లాంతరు అడిగింది!" కవితామార్గం 'కదో', వీధి మలుపు 'కదొ'. మన ఓత్వానికీ ఒత్వానికీ ఉన్నంత తేడా. ఇది అర్థమైన రోజు నేను రైల్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ రాత్రి సొబ కొట్టులో అతను, ఈ కథని గురువుగారు ఎలా ఇచ్చారో చెప్పాడు. పాత పద్ధతిలో మూడుసార్లే చెబుతారు. గురువు, శిష్యుడు మోకాలికి మోకాలు ఎదురుగా కూర్చుంటారు. రాసుకోకూడదు. ఇప్పుడు చాలామంది రికార్డు చేసుకోనిస్తారు, ఆయన ఒప్పుకోలేదు. మూడు రోజుల్లో మూడుసార్లు. నాలుగోసారి శిష్యుడు చెప్పాలి. గురువు బాగుందంటేనే జనం ముందు చెప్పే హక్కు. దీనికి డబ్బు తీసుకోరు. వేరే గురువు శిష్యుడొచ్చి అడిగినా ఊరికే నేర్పుతారు. తమకి నేర్పినవాళ్ళకి తిరిగి ఇవ్వలేరు కాబట్టి, కిందవాళ్ళకి ఇస్తారు.

"మాటలన్నీ తప్పు లేకుండా చెప్పాను," అన్నాడు. "గురువుగారు నవ్వలేదు, తిట్టలేదు. చివర్న ఒక్కటే అడిగారు. ఆ మడత తెర ఎక్కడుంది? అని."

అతనికి అర్థం కాలేదట. గోడ వైపు చూపించాడట. "మొదట అక్కడ పెట్టావు. పద్యం దగ్గరికొచ్చేసరికి ఇటు జరిపావు. ఆ ఇల్లెవరిది? నీ ఇష్టమొచ్చినట్టు సామాను జరపడానికి?" అని, లేచి వెళ్ళిపోయారట. ఆ తర్వాత ఐదు నెలలు అతను గురువు ఇల్లు ఊడుస్తూ, బట్టలు ఉతుకుతూ, ఆ తెరని గాలిలో ఒకచోట నిలబెట్టడం నేర్చుకున్నాడు. ఎక్కడ చూడాలో గురువు చెప్పలేదు. హాల్లో ఆయన దోకన్ చెప్పినప్పుడల్లా పక్క తెర వెనక నుంచి ఆయన కళ్ళు చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు తోజాయ్ రైల్లో సెన్సే నాకు ఇంకో సంగతి చెప్పారు. అతని గురువుగారి గురువు పొట్టి మనిషి. కూర్చుంటే ఇంకా పొట్టి. అందుకే హచిగొరోగా ఆ తెర కేసి చూసినప్పుడు తల కొంచెం ఎత్తేవాడు. గురువుగారు పొడుగు మనిషి. ఐనా ఆయనా అంతే పైకి చూస్తారు. "పొట్టివాడి తెర అది. ఆయన దాన్ని కిందకి దించలేదు" అన్నారు సెన్సే.

అప్పటినుంచి నేను మాటలతో పాటు కళ్ళు కూడా చూడడం మొదలుపెట్టాను.

గురువు అన్నవాడు అన్నిసార్లూ చేయి పట్టి నడిపించేవాడు కాదని ఆ ప్రపంచంలో అందరికీ తెలుసు. యనగియా కొసాంజి అనే కథకుడు కుర్రాడిగా ఉండగా ఆయన కథ విని, గురువు ఐదో కొసన్ నీ కథ సరదాగా లేదని మాత్రం అన్నారట. ఎందుకో చెప్పలేదట. ఆ ఒక్క మాటతో కొసాంజి జీవితమంతా పెనుగులాడి, 2014లో తన గురువులాగే జాతీయ సజీవ నిధి అని ప్రభుత్వం చేత అనిపించుకున్నారు. ఇంకా వెనక్కి వెళితే, పంతొమ్మిదో శతాబ్దపు మహా కథకుడు సాన్‌యుతే ఎంచో కుర్రాడిగా ఉన్నప్పుడు, ఆయన చెప్పాలనుకున్న కథనే ఆ రోజు ముందుగా గురువు వేదికెక్కి చెప్పేసేవాడట, రోజూ. దిక్కుతోచక ఎంచో ఎవరికీ తెలియని కథలు తానే అల్లడం మొదలుపెట్టాడు. ఇది విని నాకు కోపం వచ్చింది. సెన్సే మాత్రం, ఎంచో ఆ గురువుని చివరిదాకా చూసుకున్నాడని చెప్పి ఊరుకున్నారు.

ఒసాకా వైపు సంప్రదాయం వేరు. వాళ్ళకి ముందు చిన్న బల్ల ఉంటుంది, ఈ మెట్లు లేవు. యుద్ధం తర్వాత అక్కడ కథకులు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే మిగిలితే, కత్సురా బెయ్‌చో లాంటి కొద్దిమంది ముసలివాళ్ళ వెంటపడి, మరుగునపడ్డ కథల్ని ఏరుకొచ్చి నిలబెట్టారు. ఆయన లేపి నిలబెట్టిన ఒక కథ గంటకి పైగా సాగుతుంది, చచ్చినవాళ్ళు నరకంలో చేసే షికారు. అందులో ఎన్మా మహారాజు వస్తాడు. ఎన్మా అంటే మన యముడే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా అక్కడికి చేరాడు. యమధర్మరాజు సభలో చమత్కారాలు విని నవ్వే అలవాటు మనకీ ఉంది కదా, ఆ కథ వింటున్నప్పుడు మాత్రం నాకు ఎవరూ ఏమీ విప్పి చెప్పక్కర్లేకపోయింది.

2016లో గురువుగారు పోయారు. చివరి ఏడాది గొంతు బాగా తగ్గింది. అప్పుడప్పుడు హాల్లో పేరు ఉండేది, మనిషి వచ్చేవారు కాదు. వార్త తెలిసిన రోజు సెన్సే నాకు ఫోన్ చేసి, ఏడవలేదు, "పిల్లాడి సంగతేమిటో" అన్నారు. షిన్‌ఉచి కాకముందే గురువు పోతే శిష్యుడు అలా ఉండిపోవడానికి లేదు, ఇంకో షిన్‌ఉచి నీడలోకి వెళ్ళాలి. అతన్ని తనకంటే ముందు చేరిన శిష్యుడు, మన మాటలో పెద్దన్నగారు, దగ్గరికి తీసుకున్నారు. ఇంటిపేరు అదే కాబట్టి పేరు మారలేదు. ఆ తర్వాత రెండు మూడేళ్ళు అతను దోకన్ చెప్పడం మేము వినలేదు. ఎక్కడైనా చెప్పాడేమో మరి. మేము వెళ్ళిన చోట మాత్రం చెప్పలేదు.

2020 వసంతంలో కరోనా వచ్చి హాళ్ళన్నీ మూతపడ్డాయి. యుద్ధంలో కూడా ఇంత నిశ్శబ్దం లేదని సెన్సే అన్నారు. జూన్‌లో తెరిచారు. సీటు విడిచి సీటు, ముఖాలకి మాస్కులు.

2021 శరదృతువులో అతను షిన్‌ఉచి అయ్యాడు. అప్పుడు ఒక్కో హాల్లో పదిరోజుల వంతున పండగలా జరుపుతారు. మధ్యలో తెర లేస్తే పెద్దలంతా వరసగా కూర్చుని ఉంటారు, కొత్త షిన్‌ఉచి మధ్యలో తలొంచి ఉంటాడు. అటూ ఇటూ ఉన్నవాళ్ళు అతని గురించి మాట్లాడతారు, నవ్విస్తారు, దీవించమని ప్రేక్షకుల్ని అడుగుతారు. అతను మాత్రం ఒక్క మాట అనకూడదు. గురువుగారు ఉండాల్సిన చోట పెద్దన్నగారు కూర్చున్నారు. మామూలు రోజుల్లో ఐతే జనం "మత్తెమషిత!" అని కేకవేస్తారు, మీ కోసమే ఎదురుచూస్తున్నాం అని. అప్పుడు కేకలు వెయ్యకూడదు. చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టాం.

షింజుకులో పదిరోజుల్లో మేము నాలుగు రోజులు వెళ్ళాం. ఎనభై ఆరేళ్ళ మనిషి, కర్ర పట్టుకుని. మొదటి మూడు రోజులూ పెద్ద పెద్ద కథలు చెప్పాడు. ఆఖరి రోజు మెత్త మీద కూర్చుని, విసనకర్రని ముందు అడ్డంగా పెట్టి నమస్కరించి, మకురా లేకుండా మొదలుపెట్టాడు. "నమస్కారమండీ పెద్దాయనా." "ఎవరు, హచిగొరోవా? రా, కూర్చో."

హాల్లో చిన్న కదలిక. చిట్టచివరి వంతులో, షిన్‌ఉచి పండగ ఆఖరి రోజున, జెంజా పిల్లలు తలుపులు తీసే వేళ చెప్పే కథ.

గొంతు గురువుగారిది కాదు. ఆయన గొంతు లోతు, ఇతనిది సన్నం. గురువుగారి హచిగొరో మొద్దుగా ఉండేవాడు, ఇతని హచిగొరోకి ఆత్రం ఎక్కువ. పద్యం రాయించుకున్నప్పుడు కాగితాన్ని తెనుగుయిలో పెట్టుకుని, ఇంటికెళ్ళే దారిలో ఆగి ఆగి తీసి చూసుకున్నాడు. ఇది గురువుగారు ఎప్పుడూ చెయ్యలేదు. మరి అతను పొడుగా పొట్టా? పొట్టివాడు కాదు. "ఇదేం బొమ్మండీ?" అని తల తిప్పాడు. కళ్ళు మా కుడివైపు గోడ దగ్గర, తాతామీ చాపల సీట్ల పైన, వేలాడే కాగితపు లాంతరుకి కాస్త కింద ఆగాయి. గడ్డం కొంచెం ఎత్తాడు.

నేను సెన్సే కేసి చూడలేదు. నేను కూడా ఆ లాంతరు కిందకే చూస్తున్నాను. కథ అయ్యేదాకా అది అక్కడే ఉంది.

డప్పు మోగింది. పొండి పొండి, తలో దిక్కుకీ. బయట మెట్ల దగ్గర అతను వచ్చినవాళ్ళందరికీ వంగి నమస్కారాలు పెడుతున్నాడు. పదిహేనేళ్ళు 'ఆ పిల్లాడు' అన్న సెన్సే అతని ముందు ఆగి, నడుం వంచి, "షిషో, ధన్యవాదాలు" అన్నారు. గురువుగారూ అని. షిన్‌ఉచి ఐతేనే అలా పిలుస్తారు. ఆయన జవాబు చెప్పలేకపోయారు. నేను కూడా అప్పటినుంచి 'ఆయన' అనే రాస్తున్నాను.

2022 చివర్లో మేము తిరిగి వచ్చేశాం. అమ్మకి బాగా లేదు. సామాను సర్దుతున్న రోజుల్లో సెన్సే నన్ను వాళ్ళింటికి పిలిచి, వంటింట్లో నేలమీద మెత్త వేసి, కుట్టులేని అంచు నావైపు తిప్పి, ఎదురుగా కూర్చోమన్నారు. దోకన్ మొత్తం చెప్పారు. ఒక్క మాట తడబడలేదు. ఆవిడకి ఆ కథ నోటికి వచ్చని పదిహేడేళ్ళలో నాకు తెలియదు. చదువురాని హచిగొరో ఆ ముడతల ముఖంలోకి వచ్చి కూర్చున్నాడు. బొమ్మ దగ్గరికొచ్చేసరికి తలెత్తి, ఫ్రిజ్ మీద ఉన్న బియ్యం డబ్బా కేసి చూశారు. మర్నాడు వెళితే రెండోసారి చెప్పారు. మళ్ళీ బియ్యం డబ్బా. మూడో రోజున ఇంటి తాళాలు అప్పజెప్పాల్సి వచ్చి నేను వెళ్ళలేకపోయాను. ఎయిర్‌పోర్ట్‌కి ఆ తెనుగుయి పంపించారు, ఖాళీ తెర బొమ్మది. తెనుగుయి అంచులు కుట్టరు. ఉతికినప్పుడల్లా ఒకటి రెండు దారాలు ఊడతాయి. లాగకూడదు, వేలాడేదాన్ని మాత్రం కత్తిరించాలని చీటీ రాశారు.

వీడియో కాల్‌లో మూడోసారి చెప్పమని చాలాసార్లు అడిగాను. ఒప్పుకోరు. మోకాలికి మోకాలు ఎదురు ఉండాలంటారు. ఇప్పుడు పెద్దల ఆశ్రమంలో ఉంటున్నారు, చెవి తగ్గింది, గొంతు బాగానే ఉంది. మొన్న మాట్లాడినప్పుడు నేనేమీ అడక్కుండానే, గదిలో ఫ్రిజ్ లేదు, కానీ అలమారా సరిపోయే ఎత్తులోనే ఉంది అన్నారు.

యమబుకి ఏప్రిల్‌లో పూస్తుంది. టికెట్ తీసుకున్నాను.